జాలరిపేట బల్లలకు వాడిన స్క్రూలు

నేను రిటైరవడానికి ముందు ఏడాది ఆగస్టులో, జాలరిపేట ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్ల కోసం కట్టే షెడ్డు పని నాకు అప్పగించారు. నా హోదా అసిస్టెంట్ ఇంజినీరు. నా భార్య పోయి అప్పటికి ఏడు వారాలు. మద్దిలపాలెం ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి ఆఫీసుకు వెళ్లేవాణ్ణి.

షెడ్డులో చెక్క ఫ్రేముల మీద చెక్క బల్లలు బిగించాలి. సముద్రం పక్కన జింకు పూత స్క్రూ రెండు వానలకే తుప్పు పడుతుంది. మామూలు స్టెయిన్‌లెస్, అంటే 304 రకం, కొంత ఆగుతుంది గాని ఉప్పుగాలికి దానిమీదా మచ్చలొస్తాయి. అందుకని ఉప్పును ఇంకా బాగా తట్టుకునే 316 రకం స్పెసిఫికేషన్‌లో రాశాను. తలమీది గాడి ఇంకో సంగతి. ఒంటి గాడిలో స్క్రూడ్రైవరు పక్కకు జారుతుంది. ప్లస్ గాడి, బిగువు పెరిగేసరికి బిట్టును, అంటే డ్రైవరు మొనను, పైకి తోసేస్తుంది. నాలుగుసార్లు జారితే గాడి అరిగిపోయి, మళ్లీ విప్పలేం. ఆరు కోణాల నక్షత్రం గాడి బిట్టును వదలదు. దాన్నే ఎంచుకున్నాను. కాగితం మీద తప్పు లేదు.

బిగించేటప్పుడు దగ్గరుండి, ఇరవైకి ఒకటి చొప్పున వెనక్కి తిప్పించి పట్టు చూడటం నా పద్ధతి. ఆ వారం వెళ్లలేదు. ఫోటోలు చూసి కొలతల పుస్తకంలో సంతకం పెట్టాను.

పది రోజుల తరవాత అటు వెళితే, పైడమ్మ అనే చేపలావిడ గంప దించకుండానే నిలేసింది.

“ఏటి బాబూ, ఇది బల్లా, ఉయ్యాలా? నాను ఈ సివర కూకుంటే ఆ సివర లేత్తంది. మా ముసిల్ది పడితే నడుం నువ్విత్తావా?”

ఒక స్క్రూ తల పట్టుకుని లాగాను. వేళ్లతోనే వచ్చేసింది. స్క్రూ మెలికల మధ్య చెక్కపొట్టు ఇరుక్కుని ఉంది. స్క్రూ తిరుగుతూ దిగితే చెక్క దాన్ని పట్టుకుంటుంది. సుత్తితో దింపితే పీచు చిరిగిపోతుంది.

వడ్రంగి మేస్త్రి రహమాన్‌ను పిలిపించాను. పాత టౌను మనిషి, పదేళ్లుగా తెలుసు. దాచలేదు. ఆ బిట్టు తమ దగ్గర లేదని, ముప్పావు వంతు సుత్తితో కొట్టి చివర అలెన్ కీ అనే ఆరు పలకల కడ్డీతో బిగించామని చెప్పాడు. నన్నెందుకు అడగలేదన్నాను.

“అమ్మగారు పోయిన ఇంటికి ఫోన్ చేసి బిట్టు కావాలని ఎలా అడుగుతాం సార్?”

కాంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు. పరీక్షించకుండా సంతకం చేసింది నేనేనని పై అధికారికి రాసి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది. రహమాన్‌ను పనిలోంచి తీయలేదు. బిట్లు నేనే కొని తీసుకెళ్లి మూడు రోజులు అక్కడే ఉన్నాను. స్క్రూలన్నీ తీయించి, పాత రంధ్రాల్లో చెక్క బిరడాలు కొట్టించి, పక్కన కొత్తవి వేయించాం. ఈసారి ఇరవైకి ఒకటి కాదు, అన్నీ చూశాను.

ఆ తరవాత రాసిన ప్రతి స్పెసిఫికేషన్‌లోనూ స్క్రూ పక్కనే బిట్టు సైజు, ముందుగా వేయాల్సిన రంధ్రం సైజు రాశాను. ఇంకొకటి కూడా తెలిసింది. దుఃఖంలో ఉన్న అధికారిని కిందివాళ్లు ప్రశ్నలు అడగరు. అది వాళ్ల మర్యాద. పని దగ్గరకు వెళ్లి, వాళ్లు అడిగేలా చేయడం అధికారి బాధ్యత. అది చేతకాని రోజుల్లో సెలవు పెట్టాలి. ఇంట్లో ఉండలేక నేను పెట్టలేదు.