చిన్నమ్మ పేరు మీద అమ్మ

జీవిత బీమా దరఖాస్తులో నా జబ్బుల గురించి అడిగినవన్నీ తడుముకోకుండా రాశాను. చిన్నప్పటి టైఫాయిడ్, పాప పుట్టినప్పటి ఆపరేషన్. బీపీ లేదు, షుగర్ లేదు. తల్లి ఏ జబ్బుతో పోయింది అన్న గడి దగ్గర మాత్రం పెన్ను ఆగింది. అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. జ్వరమని చెప్పారు. ఎవరడిగినా నేనూ అదే చెబుతూ వచ్చాను.

"జెరమనే రాసేయండి మేడం, అంత పాతది ఎవురు సూస్తారు?" అన్నాడు మదనపల్లెలో మా వీధి ఏజెంటు. ఆయన తొందర ఆయనది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాటతోనే నా నోరు మూయించారు. నామినీగా నా కూతురి పేరు రాసిన కాగితంలో, నాకే తెలియని సంగతి రాయడానికి చేయి రాలేదు.

పుంగనూరులోని మా పుట్టింట్లో అడగడానికి ఎవరూ మిగల్లేదు. కుప్పంలో అమ్మ చెల్లెలు ఉంది. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. చిన్నమ్మ అనపకాయల గింజలు ఒలుస్తోంది.

"అమ్మ దేంతో పోయింది చిన్నమ్మా?"

"జెరం."

పక్కన కూర్చుని నేనూ ఒలవసాగాను. చాట సగం నిండాక ఆమె లేచి, బీరువాలో చీరల అడుగు నుంచి ఒక ఆస్పత్రి చీటీ తెచ్చింది. రొమ్ములో గడ్డ, క్యాన్సర్ అని ఉంది. పేషెంటు పేరు మాత్రం చిన్నమ్మది.

"నీ పేరుండాదే?"

"మీయమ్మే రాయించింది పాపా. పుంగనూర్లో తెలిస్తే రేపు నీకు సంబందాలు రావని బయం. నాకు అప్పుటికే పెండ్లయిపోయింది కదా. అందుకే ఈడికొచ్చి సూపించుకున్నాది. నా పేరు పిలిస్తే ఆయమ్మ లేచి లోపలికి పోతాండె."

ఆ చీటీలో వయసు కూడా చిన్నమ్మదే. బరువు ముప్పై ఎనిమిది కిలోలు. అది అమ్మది. ఆ అంకె మీద వేలు పెట్టి కూర్చున్నాను. ఆ చివరి రోజుల్లో, బడి నుంచి వచ్చి గుండెల మీద వాలబోతే మోచేత్తో పక్కకు నెట్టేది. నేనంటే ఇష్టం పోయిందనుకున్నాను. నొప్పి అని ఒక్క మాట చెప్పి ఉంటే పాదాల దగ్గరైనా పడుకునేదాన్ని. ఇప్పుడు కూడా ఆ పాదాలే కావాలనిపిస్తుంది.

ఇంటికొచ్చి దరఖాస్తులో తల్లి పేరు దగ్గర అమ్మ పేరు, కారణం దగ్గర రొమ్ము క్యాన్సర్ అని రాశాను. ప్రీమియం పెరగొచ్చు మేడం అని ఏజెంటు నసిగాడు. పెరగనీ అన్నాను.

వైద్య పరీక్షల రోజు ఆస్పత్రిలో నా పేరు పిలిచారు. లేచే ముందు అమ్మ పేరును పెదాల మీద ఒకసారి పలికాను. ఆస్పత్రిలో ఆమెను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.