వేట సంచిలో కొసరు

నా నడుములో డిస్క్ జరిగినప్పుడే డాక్టర్ తేల్చి చెప్పాడు, ఏడు కిలోలకు మించి మోస్తే ఆపరేషన్ తప్పదని. అయినా అడవి అంచున ఉన్న ఒక మక్కజొన్న చేను కోసం తుపాకీ తీయక తప్పలేదు. ఆ చేను కౌలుకు చేసే రైతు మా బియ్యం దుకాణానికి ఎప్పటినుంచో వడ్లు తెచ్చే మనిషి. అడవిపందులు మందలుగా దిగి కంకులన్నీ తొక్కేస్తున్నాయని, ఈ పంట కూడా పోతే కౌలు వదిలేయడమేనని ఫోన్‌లో ఏడ్చాడు. పందులను కాల్చడానికి పంచాయతీ అనుమతి కూడా తెచ్చుకున్నాడు. లైసెన్సు ఉన్న తుపాకీ నా దగ్గర ఉంది.

బండి వాగు దాకానే పోతుంది. ఆ పైన రాళ్ల బాటలో నడకే. అందుకని తుపాకీతో సహా సంచిని దుకాణంలోని కాటా మీద పెట్టాను. రగ్గు తీసేశాను. పెద్ద టార్చి పక్కనపెట్టి చిన్నది వేసుకున్నాను. రొట్టెలను స్టీలు డబ్బాలోంచి తీసి కాగితంలో చుట్టాను. నీళ్లు మాత్రం తగ్గించలేదు. ఏడు కిలోలకు తెచ్చి, స్నానానికి వెళ్లాను.

అదే నేను చేసిన పొరపాటు. మా ఇంట్లో తూకం సరిగ్గా నిలబడితే ఎవరికీ మనసొప్పదు. పైన ఒక పిడికెడు కొసరు పడాల్సిందే. కాటాకు ముల్లు పోయి అంకెలు వచ్చినా ఆ పిచ్చి పోలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి తమ్ముడు సంచిని బండిలో పెట్టేశాడు.

వాగు దగ్గర దిగి, ఏడు కిలోలే కదా అని ఒంటిచేత్తో సంచిని గుంజాను. నడుము కలుక్కుమంది. అక్కడే కూలబడి సంచి విప్పి చూశాను. అమ్మ పెట్టిన సకినాలు, నా భార్య పెట్టిన తొక్కు పచ్చడి సీసా, తమ్ముడు పెట్టిన రెండు నీళ్ల బాటిళ్లు. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు. అమ్మకు ఫోన్ చేసి అరిచాను.

"సరితూకం సంచితోని గడప దాటుతరా బిడ్డా? జరంత కొసరు పెట్టిన, గంతే గదా," అంది.

దీన్ని ప్రేమంటారట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డాక్టర్ మాట ముగ్గురూ విన్నారు. విని కూడా, ఎవరికి వారు తమ పిడికెడు ఒక బరువే కాదనుకున్నారు.

అవన్నీ వాగు ఒడ్డున పారేసి, ఒక కర్ర పట్టుకుని ఎలాగో చేను చేరాను. పొద్దు గుంకుతుండగా పందులు దిగాయి. తుపాకీ ఎత్తబోతే నడుము పట్టేసి చేతులు లేవలేదు. రైతు తపేలా మోగిస్తూ చేనంతా ఉరికాడు. అవి అతన్ని లెక్కచేయలేదు.

తెల్లారి చూస్తే నిలబడి ఉన్న మక్క ఎక్కడో ఒకటి. నేను వంగలేక తంటాలు పడుతుంటే అతనే నా కాళ్ల దగ్గర కూర్చుని బూటు లేసులు కట్టాడు.

"కౌలు ఇడిసిపెడుతున్న సేటు," అన్నాడు తల ఎత్తకుండా. "మీ దుకాణంల బస్తాలు మోసే పనేమన్న ఉంటే చెప్పుండ్రి."