పెద్ద చేతికి సరిపోయే గ్లాసు

ఎవరైనా "పాపం" అంటే అద్దాలక్కకి ఒళ్ళు మండుకొస్తుంది. తిడితే పడుతుంది గానీ ఆ మాట మాత్రం పడదు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఆమెది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పని. అందరి చూపూ సరిచేసే మనిషి ఇంటికెళ్తే, తిన్నావా అని చూసే దిక్కు లేదు. ఆదివారం వస్తోందంటేనే గుండెల్లో రాయి పడేది.

ఆ దుకాణం కౌంటర్లో ఒకావిడ ఉంది. నోరు మూతపడదు కాబట్టి అందరూ రేడియో అంటారు. "ఆదివారాలు ఒక్కదానివే ఏం చేస్తావక్కా, పాపం?" అని ఒకసారి అడిగింది. అంతే, అద్దాలక్క నోట్లోంచి అబద్ధం ఊడిపడింది.

"ఒక్కదాన్నేంటే? సాయంత్రం నాకు తెలిసినాయన ఒకరు వస్తారుగా. ఇద్దరం కూర్చుని కాస్త వైన్ తాగుతాం."

ఇక చూడండి! ఆ అబద్ధానికి కాళ్ళొచ్చాయి, మీసాలొచ్చాయి. ఆయన ఓడల్లో పనిచేసి మానేశాడట, మాట తక్కువట, చలికాలం దగ్గట. ఓనరుగారు ఒకసారి మాత్రలు కూడా ఇచ్చి పంపారు. లేని మనిషి దగ్గుకి మాత్రలు! ఆమెకి సిగ్గేసింది. కానీ ఎవరైనా ఆయన గురించి అడిగితే ఎంత హాయిగా ఉండేదో కూడా చెప్పాలి.

ఆమె పనిలో చేరి ఇరవై ఏళ్ళు నిండాయని దుకాణంవాళ్ళు బహుమతి ఇద్దామనుకున్నారు. "మీ ఇద్దరికీ మంచి క్రిస్టల్ వైన్ గ్లాసులక్కా, నువ్వే ఎంచుకో" అని రేడియో చెయ్యి పట్టుకుని గాజుసామాన్ల షాపుకి లాక్కెళ్ళింది. సేల్స్‌మన్ గ్లాసు అంచు మీద గోటితో కొట్టి, "ఎలా మోగుతోందో వినండమ్మా" అన్నాడు. అద్దాలక్క గ్లాసుని వెలుతురుకి ఎత్తి, లోపల బుడగలున్నాయేమోనని తిప్పి తిప్పి చూసింది. అంచు చుట్టూ వేలు పోనిచ్చింది. పలచగా, ఎక్కడా గరుకు లేకుండా ఉంది. చిన్న రకం ఆమె అరచేతిలో చక్కగా ఇమిడింది.

"అక్కా, అవి ఆయన చేతికి ఆనతాయా?" అంది రేడియో.

"ఆనవే. ఆయనది పెద్ద చెయ్యి" అనేసి పెద్దవి ఆరు తీసుకుంది. మనసు మాత్రం చిన్నవాటి మీదే ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం ఆ పెద్ద గ్లాసులో అడుగున కాస్త పోసుకుని, రెండు చేతులా పట్టుకుని తాగేది. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డతో మచ్చ లేకుండా తుడిచేది. మిగతా ఐదూ అలమరలో బోర్లించి ఉండేవి. వాటివైపు చూస్తే ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం రేడియో కేకు పట్టుకుని దిగబడింది. "ఆయన్ని చూద్దామని వచ్చానక్కా!"

అద్దాలక్క పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో, ఇప్పుడే వెళ్ళారే" అంది.

"సరేలే, ఆయన బదులు నేనే ఓ గుక్క తాగుతా" అంటూ రేడియో వంటింట్లోకి చొరబడి అలమరలోంచి గ్లాసు తీసింది. అడుగున షాపువాళ్ళ స్టిక్కరు అలాగే ఉంది. ఇంకోటి తీసింది. దానికీ ఉంది. ఐదింటికీ ఉన్నాయి. సింకు పక్కన ఆరుతున్న ఒక్క గ్లాసుకే లేదు. రేడియో అన్నీ మెల్లగా ఎక్కడివక్కడ పెట్టేసింది. "పొద్దుపోయిందక్కా, వస్తా" అని వెళ్ళిపోయింది. కేకు కోయనేలేదు.

సోమవారం అద్దాలక్క కాళ్ళీడ్చుకుంటూ పనికెళ్ళింది. రేడియో ఈపాటికి దుకాణమంతా టాంటాం వేసేసి ఉంటుంది, తన పరువు గంగలో కలిసిందనుకుంది. కానీ ఎవరూ ఏమీ అనలేదు. రేడియో ఎప్పటిలాగే అందరూ వినేలా, "అక్కా, ఆయన దగ్గు తగ్గిందా?" అని అడిగింది. గొంతే ఎప్పటిది కాదు. పసిపిల్లల్ని బుజ్జగించే గొంతు అది. ఏ మాట వినకూడదని ఇన్నాళ్ళు నాటకమాడిందో, ఆ మాట అనకుండానే వినిపించింది.

విచిత్రం, అద్దాలక్కకి ఒళ్ళు మండలేదు. నీరసం వచ్చేసింది. చేతిలో ఉన్న ఫ్రేము కౌంటర్ మీద పెట్టింది.

"ఆయన ఇక రారే" అంది. "ఆదివారాలు నాకు గడవడం లేదు. నువ్వు రాకూడదూ?"

అద్దాలక్క వెనక గదిలోకి వెళ్ళిపోకుండా, జవాబు కోసం అక్కడే నిలబడింది.