ఎదురు కొట్టులో ప్రాజెక్టు

ఆ వీధిలో అందరూ ఆమెను చెల్లెమ్మ అనే పిలిచేవారు. పరుపుల కొట్టు యజమానికి చెల్లెలు కాబట్టి వీధి మొత్తానికీ చెల్లెలైపోయింది. తండ్రి పోయాక గల్లాపెట్టె దగ్గర అన్నయ్య కూర్చున్నాడు. వెనక షెడ్డులో దూది ఏకించడం దగ్గర్నుంచి, కుట్టుపనివాళ్ళ తగువులు తీర్చడం, అలిగి వచ్చిన కొనుగోలుదార్లను బుజ్జగించి పంపడం వరకూ ఆమే చూసుకునేది.

అలాంటిది, ఒకరోజు అన్నయ్య తన అల్లుణ్ణి తీసుకొచ్చి మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నేనుండగా అతనెందుకు అన్నయ్యా?"

"అతనికి ఎంబీఏ ఉందమ్మా. కంపెనీలవాళ్ళతో మాట్లాడాలంటే డిగ్రీ ఉండాలి. నీకేముంది?"

ఆమె అరవలేదు, ఏడవలేదు. పెళ్ళికి ముందు చదివిన బీకాం సర్టిఫికెట్టు బీరువా అడుగునుంచి తీసింది. ప్రవేశపరీక్ష రాసి, యూనివర్సిటీలో సాయంత్రం క్లాసుల ఎంబీఏలో చేరిపోయింది. సిటీ బస్సు నడిపే భర్త ఆ మాట విని, "గేరు మార్చావన్నమాట. రివర్సు మాత్రం వెయ్యకు," అన్నాడు.

క్లాసులో మొదటిరోజు ఆమె అడుగుపెట్టగానే పిల్లలంతా పాఠం చెప్పడానికి వచ్చిందనుకుని లేచి నిలబడ్డారు. సంగతి తెలిశాక, గ్రూపు పనుల్లో చేర్చుకోవడానికి నసిగారు. స్టాటిస్టిక్స్ కొరకరాని కొయ్యైంది. మొదటిసారి తప్పింది కూడా.

అల్లుడు నవ్వాడు. "అత్తయ్యగారూ, ఈ వయసులో ఇదంతా అవసరమా?"

"వయసు నాది, అవసరమూ నాదే అల్లుడుగారూ," అంది. మళ్ళీ రాసి, బొటాబొటి మార్కులతో గట్టెక్కింది.

చివరి ఏడాది ఏదైనా వ్యాపారాన్ని దగ్గరగా చూసి ప్రాజెక్టు చెయ్యాలి. సొంత కొట్టుండగా దిగులెందుకు అనుకుంది. అన్నయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఇంటి గుట్టు తీసుకెళ్ళి కాలేజీలో పరుస్తావా? కుదరదు."

"అదేనా నీ ఆఖరి మాట?"

"అదే."

ఆమె చెప్పులేసుకుని వీధి దాటింది. ఎదురుగా ఉన్నదీ పరుపుల కొట్టే. దాన్ని నడిపే పెద్దావిడకూ అన్నయ్యకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. చెల్లెమ్మ గుమ్మంలోనే నిలబడి, ప్రాజెక్టు సంగతి చెప్పింది.

"మీ అన్న దూది ఎక్కడ కొంటాడో చెప్తావా మరి?" అంది పెద్దావిడ.

"చెప్పను. ఇంకోసారి అడిగితే ఇటునుంచి ఇటే పోతాను."

పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసి, "కూర్చో," అంది.

ఆ కబురుతో ఇల్లు అట్టుడికిపోయింది. పరువు బజారున పడేసిందని అన్నయ్య చిందులు తొక్కాడు. తల్లి వచ్చి గడ్డం పట్టుకుంది. "వాడు పెద్దవాడు. నువ్వే కాస్త తగ్గు తల్లీ."

"ఇన్నాళ్ళూ తగ్గే ఉన్నానమ్మా. ఇప్పుడు అన్నయ్యను తగ్గమను."

ఎదురు కొట్టులోనూ పూలపాన్పేమీ లేదు. పరుపు అనుకున్న రోజుకు అందక కొనేవాళ్ళు చేజారిపోతున్నారని ఆమె రాస్తే, పెద్దావిడ కస్సుమంది. "నా కొట్టులో కూర్చుని నాకే వంకలు పెడతావా?"

"ఉన్నవే రాశాను," అంది చెల్లెమ్మ. ఒక్క అక్షరం మార్చలేదు.

వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు కళ్ళద్దాల మీంచి చూశాడు. "మీది పోటీ కొట్టువాళ్ళ కుటుంబం కదా. మీ రిపోర్టు ఎలా నమ్మాలి?"

ఆమె చూపు దించలేదు. "నా మాట నమ్మొద్దు సార్. ఆ కొట్టుకెళ్ళి పరుపు ఆర్డరిచ్చి చూడండి."

ఆయన నవ్వలేదు. ఇంకో గంట గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె సెకండ్ క్లాసులో పాసైంది.

అదే నెలలో అల్లుడు పెద్ద కంపెనీలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అన్నయ్య ఆమె ఇంటికొచ్చాడు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నాడు.

"కొట్టుకి మళ్ళీ రా. నువ్వు మానేశాక షెడ్డు చూసుకునేవాళ్ళు లేరు."

"షెడ్డుకి రాను. మేనేజరుగా అయితే వస్తాను."

"ఆలోచించి చెప్తాలే."

"నిదానంగా ఆలోచించు అన్నయ్యా. నా రిపోర్టు చదివి పెద్దావిడ రమ్మంది, రేపట్నుంచి నేను ఎదురు కొట్టులో మేనేజర్ని."

అన్నయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఈలోగా ఒకరోజు మిట్టమధ్యాహ్నం తల్లి ఎదురు కొట్టులోకి నడిచొచ్చి, దిండు చూపించమంది.

"అన్నయ్య చూస్తాడమ్మా," అంది చెల్లెమ్మ.

"చూడనీ. మెడనొప్పి నాది," అంటూ తల్లి, వీధివైపు తిరిగి కూర్చుని, దిండ్లు ఒక్కొక్కటే నొక్కి చూడసాగింది.