గుమ్మానికి కట్టిన తోగా

ఆఫ్రికా తీరాన, రోమన్ల ఏలుబడిలో ఉన్న లెప్టిస్ నగరం వెనక, ఆలివ్ తోటల మధ్య ఉన్న చిన్న ఊళ్లో అరిసత్‌ది నేతపని. ఆమె నేసిన తోగాలంటే నగరంలో పెద్దమనుషులు ఎగబడేవాళ్లు. ఎడమ భుజం మీంచి ఒళ్లంతా చుట్టుకునే ఆ తెల్లటి ఉన్నిబట్ట కట్టాలంటే రోమన్ పౌరుడై ఉండాలి. ఆమె మొగుడు ఇద్దిబల్ నూనెగానుగలో కూలీ, పౌరుడు కాడు. పాపం, బతుకంతా పరాయి మగాళ్ల భుజాలకే నేసింది.

పక్కింటి బిరిక్త్ మొగుడు నంఫామో కూడా ఒకప్పుడు గానుగ మనిషే. రోమన్ పటాలంలో చేరి, ఎక్కడో డాన్యూబ్ నది ఒడ్డున ఇరవై అయిదేళ్లు చలికి వణికి, అందుకు బదులుగా దక్కిన పౌరసత్వంతో తిరిగొచ్చాడు. అతని తోగా కూడా అరిసతే నేసింది. పండగల్లో అతను అది చుట్టుకుని ముందు వరసలో కూర్చుంటే, వెనక నిలబడ్డ ఆమెకు కడుపు రగిలిపోయేది.

"దీన్ని ఉతకడం ఎంత చాకిరీనో! నీకేం తెలుస్తుందిలే అక్కా, మీ ఇంట్లో లేదుగా" అనేది బిరిక్త్.

ఒక వేసవిలో రోమ్ నుంచి కబురొచ్చింది. బానిసలు తప్ప సామ్రాజ్యంలో ఉన్నవాళ్లంతా ఇకమీదట పౌరులేనని సంతలో చాటింపు వేశారు. బ్రిటన్ గొర్రెలకాపరి, సిరియా బేరగాడు, మన ఇద్దిబల్, అందరికీ ఒకటే చట్టం.

"రోమన్లు కట్టే పన్నులు కూడా ఇక మనం కట్టాలంట" అన్నాడు ఇద్దిబల్ బుర్ర గోక్కుంటూ.

"నోర్మూసుకుని నిలబడు. కొలత తీసుకోవాలి."

చేతికొచ్చిన బేరాలన్నీ పక్కన పెట్టి, దొరికినవాటిలో మేలైన ఉన్నితో నేసిందామె. అంత పనితనం ఏ పెద్దమనిషి తోగాలోనూ పెట్టలేదు. బిరిక్త్ కళ్లు కుట్టాలి, అంతే.

చక్రవర్తి పేర జరిగే పండగ నాడు మొగుడికి చుట్టబెట్టి, చెమటలు కక్కుతున్న మనిషిని సంతకు లాక్కెళ్లింది. తీరా చూస్తే ఊరంతా మామూలు అంగీల్లోనే ఉన్నారు. ఇద్దిబల్ ఒక్కడే తోగాలో. ఎవరో కిసుక్కున నవ్వారు. నంఫామో కూడా అంగీలోనే, ఎక్కడో వెనక నిలబడ్డాడు.

"మీ ఆయన తోగా ఏదే?" అంది అరిసత్ ఉండబట్టలేక.

"ఇరవై అయిదేళ్లు మంచులో నానాడే నా మొగుడు! నీ మొగుడికి గానుగ దగ్గర కూర్చునుంటే ఊడిపడింది పౌరసత్వం. ఇంకెందుకది? చింపి గుమ్మానికి తెర కట్టా."

బిరిక్త్ కళ్లు కుట్టాయి. అరిసత్ ఇన్నేళ్లూ కోరుకున్నది అదే. అయినా నోట్లో చేదు పోలేదు.

ఇల్లు చేరగానే పక్కింటి గుమ్మంలో తెర కనిపించింది. తను నేసిన అంచే. అరిసత్ విసురుగా లోపలికెళ్లి, ఇద్దిబల్ ఒంటి మీది కొత్త బట్ట లాగి కత్తెర పట్టుకుంది. చెయ్యి ఆడలేదు.

"చింపేసిందంట, చూశావా?" అంది మొగుడితో, ఏడుపు గొంతుతో. "దానికెంత మిడిసిపాటో చూడు! చింపుకోవడానికి కూడా మనకంటే ముందే ఉంది దానికి!"