మేస్త్రీ చుక్కలు పెట్టిన రాడ్లు

సగంలో పని వదిలి కన్నుమూసిన మనిషి పనిముట్లు తాకడానికి మీ చేతులెందుకు వెనక్కి పోతున్నాయి? బండ్లు నడిపేవాళ్లనూ, బాగుచేసేవాళ్లనూ, ఆ బండ్లెక్కి ఆసుపత్రికి పోయేవాళ్లనూ అడుగుతున్నాను. ఆలూరులో మన మోటారు మేస్త్రీ పోయిన శుక్రవారం చనిపోయాడు. నమాజుకు పోయివచ్చి, షెడ్డులో మంచం మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదు. నేను చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిని, ఆయన మార్గం వేరు. అయినా గోరీ దగ్గర నేనూ పిడికెడు మట్టి వేశాను, ఎవరూ వద్దనలేదు. ఆనాటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వాక్యం తెరిచి కూర్చుంటే అక్షరాల మధ్య ఆ షెడ్డు, ఆ షెడ్డులో కడుపు తెరిచి ఉన్న కారు కనిపిస్తున్నాయి.

ఆ కారు సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు తరలినప్పుడు ఒక ఆఫీసరు వదిలించుకున్న పాత కారును మా చుట్టుపక్కల పల్లెలు కలిసి కొన్నాయి. కాన్పు కష్టమైన ఆడమనిషినైనా, పాము కరిచిన రైతునైనా కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చడానికి మాకున్నది అదొక్కటే. ఇంజనులో పిస్టన్లు ఎగిరెగిరి పడే బలాన్ని కింద తిరిగే క్రాంకుకు అందించే ఇనుప చేతులుంటాయి. వాటినే రాడ్లంటారు. రాడ్డు కింది కొస క్రాంకును కౌగిలించుకునే చోట మెత్తటి తెల్లలోహం పోసి ఉంటుంది. అది అరిగితే లోపల టకటకమని కొట్టుకుంటుంది.

పోయిన ఎండాకాలం ఆ సద్దు మొదలైంది. డ్రైవరు మేస్త్రీ దగ్గరికి రాలేదు. రాడ్డు మూత విప్పి, పాత చెప్పులోంచి ఒక తోలుముక్క కోసి, నూనెలో నానబెట్టి, లోపల దోపి బిగించాడు. దారిలో చిక్కుకున్నవాడు ఇల్లు చేరడానికి మన డ్రైవర్లందరూ చేసే పనే అది. ఇల్లు చేరాక తీసేయాలి. సద్దు ఆగింది కదా అని ఇతను తీయలేదు. అదే బండిలో ఒక కూలియింటి కోడలిని నొప్పులతో ఎక్కించుకుని బయలుదేరాడు. దేవనకొండ దాటి, కోడుమూరు ఇంకా రాకముందే రాడ్డు విరిగి ఇంజను గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ నల్లరేగడి, ఇంకొక బండి రాలేదు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

బండిని ఎడ్లతో ఈడ్చుకొచ్చిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. డ్రైవరు తల వంచుకుని, "సద్దు ల్యాకుండా పోతాండె కదా మేస్త్రీ" అన్నాడు.

"సద్దు చేసే బండి నిజం చెప్తాండాదిరా. నువ్వు దాని నోట్లో చెప్పు కుక్కి మూసినావు" అన్నాడు మేస్త్రీ. అంతకంటే తిట్టలేదు. ఆ మాట నేను ఆ ఆదివారమే ప్రసంగంలో వాడుకున్నాను. గద్దించే గొంతు గిట్టక ప్రవక్తలను గోతిలోనో చెరలోనో వేయించిన రాజులు మా గ్రంథంలో ఎంతమంది లేరు!

తర్వాత మేస్త్రీకి తిండి మీద ధ్యాస లేకుండా పోయింది. పాత రకం రాడ్లు ఇక ఆ బండికి వద్దన్నాడు. మద్రాసుకు పోయి, యుద్ధం అయిపోయాక అమ్మేసిన మిలిటరీ బండ్ల సామాన్ల గుట్టల్లో వెతికాడు. పొడవు అంతే ఉండి, మెడ గట్టిగా ఉన్న రాడ్లు ఏరుకొచ్చాడు. ఒక్కొక్కదాన్ని తీగకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి వినేవాడు. గంటలా మోగాలి. బొంగురు పలికితే పక్కన పారేసేవాడు. మోగినదాన్ని కూడా నమ్మేవాడు కాదు. కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సీమసున్నం పొడి చల్లి చూసేవాడు. కంటికి కనిపించని బీటలోంచి కిరసనాయిలు ఊరి, తెల్లటి పొడి మీద నల్లగీత తేలుతుంది. దాచిన పాపం బయటపడే తీరు అదేనని నేనంటే నవ్వేవాడు.

"శానా లావుది దొరికింటే ఇంకా గట్టిగా ఉండేది కదప్పా?" అని అడిగానొకసారి.

"గట్టిదంటే లావుది కాదు ఉపదేశీ. పక్కదానితో సమానంగా ఉండేది. ఒకటి బరువు, ఒకటి తేలికైతే తిరిగేటప్పుడు ఇంజను తన్నుకుంటాది."

అంగడి నుంచి తక్కెడ తెప్పించి, ఒక రాడ్డుకు ఇంకొక రాడ్డే పడికట్టుగా పెట్టి తూచాడు. బరువైనదాన్ని ఆకురాయితో నిలువునా అరగదీశాడు. అడ్డంగా గీత పడితే అక్కడే విరుగుతుందట. నేను పక్కన వాక్యం చదువుకుంటూ ఉంటే తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏమప్పా ఉపదేశీ, మీ దేవుడు మనుషులను ఇట్లనే తూస్తాడా?"

"తూస్తాడు. తేలికైనోళ్లను తేలికని చెప్తాడు."

"అట్లయితే ఆకురాయి కూడా పక్కన పెట్టుకోనుంటాడులే. ఉత్త తక్కెడతో ఏం లాభం?"

ఆ మాటకు జవాబు వాక్యంలో ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇంజను గోడ అతికించాడు. తెల్లలోహం కరిగించి పోశాడు. క్రాంకుకు నీలి రంగు పూసి, రాడ్డు వేసి తిప్పి, తెల్లలోహం మీద రంగు అంటిన ఎత్తులన్నీ సన్నగా గీకాడు. ప్రతి రాడ్డుకూ దాని మూతకూ పంచుతో జత చుక్కలు కొట్టాడు. బిగించడం ఒకటే మిగిలింది. ఆ శుక్రవారం వచ్చింది.

మన మేస్త్రీలలో ఒక కట్టుబాటుంది. చుక్కలు కొట్టినవాడు తన నోటితో "నువ్వు బిగించప్పా" అనేదాకా ఇంకొకడు ఆ జత మీద పానా వేయడు. ఆదోని నుంచి పిలిపించిన మేస్త్రీ ఇంజను చూసి, కళ్లకద్దుకుని వెనక్కి జరిగాడు. "ఆయప్ప చుక్కలుండాయి. నేను ముట్టను. రేపు ఏమన్నా అయితే ఆయప్ప పేరూ పోతాది, నా పేరూ పోతాది."

"అట్లయితే యాడన్నా పాత రాడ్లు తెచ్చి నేనే ఏస్తా" అన్నాడు డ్రైవరు. మేస్త్రీ వద్దన్న రకమే అవి.

లోపలి నుంచి మేస్త్రీ భార్య గుమ్మం దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. "అన్నా, ఆయన చుక్కలు పెట్టింది జత మారకుండా ఉండనీకి. పని ఆపనీకి కాదు." ఆదోని మేస్త్రీ తల దించుకుని బస్సెక్కి పోయాడు.

ఆ మాట విన్న తర్వాత కూడా ఎవరూ కదలరేం? మా గ్రంథంలో, జనాన్ని నడిపించిన నాయకుడు కొండ మీద కన్నుమూస్తే ఆ జనం నది ఇవతలే కూర్చుని ఏడుస్తూ ఉండిపోలేదు. ఇంకొకడు లేచాడు, దాటించాడు. కట్టుబాటు గొప్పదే. మనిషి ప్రాణం ఎదుట నిలబెట్టి తూచి చూడండి. ఆ కూలియింటి కోడలికి మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఆమెను ఎందులో తీసుకుపోతారు? మేస్త్రీ వదిలిన పని మీరు ముగిస్తే ఆయన పేరు పోదు. ఆగిపోతేనే పోతుంది.

నిన్న షెడ్డుకు పోయాను. పడమటి గాలి ఎర్రటి దుమ్మును లోపలికి తోస్తోంది. ఒక్క ఇసుక రేణువు చాలు, ఆ తెల్లలోహాన్ని కోసేస్తుంది. ఆమె నేల మీద కూర్చుని, ఒక్కొక్క రాడ్డునూ ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడిచి పక్కన పెడుతోంది. చివరిది పెట్టేలోపు మొదటిదాని మీద మళ్లీ దుమ్ము. కర్నూలు, ఆదోని, కడప మేస్త్రీలారా, ఆమె కొంగు ఎన్నాళ్లు ఆపుతుంది? రేపనకండి. పానాలు చేతపట్టుకుని ఈ రోజే ఆలూరు బస్సెక్కండి.