కదిరి దగ్గరి పల్లెలో గ్రూప్ ఫొటో, మస్తాన్ మామ చెప్పబోయిన మాట

అనంతపురం వైపు కెమెరాలు తీసుకుని వెళ్లాలనుకునే కుర్రవాళ్లు ఈమధ్య నన్ను దారుల గురించి, వెలుతురు వేళల గురించి అడుగుతున్నారు. నేను ఆ జిల్లాలో చాలా తిరిగాను కానీ గంట గంటా గుర్తున్న ప్రయాణం ఒక్కటే. అరవైల మొదట్లో, నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, కదిరికి అవతల తనకల్లు దారిలో ఉన్న ఒక చిన్న పల్లెకు వెళ్లినది. అప్పటికి రెండేళ్లుగా వానలు లేవు. ఒక మధ్యాహ్నం కదిరప్ప అనే రైతు అనంతపురంలోని మా స్టూడియోకు వచ్చి, గడప బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మాయమ్మ ఒక ఫొటో తీపీమంటాంది సార్. మా పెద్దన్న బెంగుళూరికి, నడిపన్న బళ్లారి తట్టుకు పనికి పోతాండారు. బేస్తవారం సాయంత్రం రైలెక్కుతారు. మళ్లీ అందరం యాడ కలుస్తామో ఏమో. ఒకతాన ఉన్నప్పుడే తీయల్లంట" అన్నాడు. కదిరిలో ఫొటోలు తీసే ఆయన ఏదో పెళ్లికి ఊరు దాటి పోయాడట, అందుకని ఇంతదూరం వచ్చాడు. నేను సరేనన్నాను.

నాతోపాటు వచ్చింది మస్తాన్ మామ. మా నాయన స్టూడియో పెట్టిన రోజు నుంచీ ఆయనే అసిస్టెంటు. ఫొటో పడే గాజు ప్లేట్లు కడగడం, ముఖాల మీద మచ్చలు సన్నటి పెన్సిలుతో సరిచేయడం, కెమెరా పెట్టె మోయడం అన్నీ ఆయన పనే. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. అయితే నేను మద్రాసులో ఒక పెద్ద స్టూడియోలో రెండేళ్లు పనిచేసి వచ్చాక మామ అనడం మానేశాను. అక్కడి ఫొటోగ్రాఫర్లు అసిస్టెంట్లతో చేతిసైగలతోనే మాట్లాడేవాళ్లు. పార్టీ ముందు, అంటే ఫొటో తీయించుకునేవాళ్ల ముందు, అసిస్టెంటు నోరు తెరిస్తే ఫొటోగ్రాఫరు విలువ పోతుందని నాకు అక్కడ తలకెక్కింది. వచ్చిన వారానికే మస్తాన్ మామకు ఆ సంగతి చెప్పాను. "అట్లనే సార్" అన్నాడాయన. ఆ "సార్" విన్నప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది కానీ, గర్వంగా కూడా ఉండింది.

బేస్తవారం పొద్దున ఐదు గంటల బస్సు ఎక్కాం. ఇద్దరికీ టికెట్లు, కెమెరా పెట్టెకు లగేజీ కలిపి నాలుగు రూపాయల లోపే అయింది. బత్తలపల్లి, ముదిగుబ్బ దాటి కదిరి చేరేసరికి ఎనిమిదిన్నర. దారి పొడుగునా ఎర్ర మట్టి, గుండ్లు, ఎండిపోయిన శెనక్కాయ చేలు. కదిరి బస్టాండు పక్కన ఒక పూటకూళ్ల ఇంట్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వడ్డించే ఆయన మా పెట్టెను చూసి, "ఏమప్పా, హార్మోనీ పెట్టెనా? నాటకమాడేకి పోతాండారా?" అని అడిగాడు. మస్తాన్ మామ నా వంక చూసి ఊరుకున్నాడు. ఫొటోల పెట్టె అని నేనే చెప్పాను. ఈ దారిలో వెళ్లేవాళ్లు కదిరిలోనే కడుపునిండా తినడం మంచిది. అవతల అప్పట్లో టీ నీళ్లు కూడా దొరికేవి కావు.

తొమ్మిదింటికి తనకల్లు బస్సు ఎక్కి, ముప్పావుగంటలో, రోడ్డు కింద వాననీళ్లు పోయే ఒక మోరీ దగ్గర దిగాం. అక్కడి నుంచి పల్లెకు రెండు మైళ్లు. కదిరప్ప ఎద్దుల బండి తెచ్చాడు. ఇంటి ముందు వాళ్లమ్మ ఓబులమ్మ, పెద్దకొడుకు వెంకటప్ప, నడిపి కొడుకు రామన్న, ఇద్దరు కోడళ్లు, నలుగురు పిల్లలు అప్పటికే ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చుని ఉన్నారు. అన్నదమ్ములిద్దరి మూటలు గోడవారగా ఉన్నాయి. ధర్మవరం దాకా ఇద్దరూ ఒకే రైలులో పోయి, అక్కడ ఒకరు బెంగళూరు బండి, ఒకరు బళ్లారి తట్టుకు గుంతకల్లు బండి ఎక్కుతారట.

మాది మూడుకాళ్ల మీద నిలబెట్టే పాత కెమెరా. లెన్సుకూ, వెనక గాజు ప్లేటు పెట్టే చోటుకూ మధ్య మడతలు మడతలుగా తోలు తిత్తి ఉంటుంది. మస్తాన్ మామ పెట్టె తెరిచి ఆ తిత్తిని సాగదీస్తూ ఒకచోట ఆగాడు. వేలితో తడిమాడు. "సార్, తిత్తి కాడ..." అంటూ మొదలుపెట్టాడు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నేను చెయ్యెత్తి ఆపాను. ఆయన ఆగిపోయాడు. తర్వాత నేను ప్లేటు పెట్టేటప్పుడు గొడుగు తెరిచి, కెమెరాకు ఎండ తగిలే పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆ గొడుగు నీడ పిల్లల మీద పడుతోంది. పక్కకు జరగమని సైగ చేశాను. జరిగాడు.

నాలుగు ప్లేట్లు తీశాను. పదకొండున్నర అయింది. ఓబులమ్మ అందరికీ సంగటి పెట్టింది. తిన్నాక మస్తాన్ మామ నన్ను దొడ్లోకి పిలిచి, "వాళ్లు ఊరు విడిచేలోగా కడిగి చూద్దాం సార్. మీ నాయన కూడా ఊరు పోయేవాళ్ల ఫొటోలు ఆడికాడనే కడిగేవాడు" అన్నాడు. ప్లేట్లు కడిగే మందులు సంచిలో తెచ్చుకున్నాడు కూడా. మూడింటి దాకా తిరుగు బస్సు లేదు కదా అని ఒప్పుకున్నాను.

ఇంట్లో కిటికీ లేని గాదె గది ఉంది. గింజ లేక ఖాళీగా ఉండింది. లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టి అందులో కూర్చున్నాం. నేను ఓబులమ్మను రెండు బిందెల నీళ్లు అడగబోయాను. మస్తాన్ మామ వద్దన్నాడు. ఆ ఊళ్లో తాగే నీళ్లు మైలు దూరం నుంచి వస్తున్నాయి. ఆయన ఒక్క చెంబుడు నీళ్లు తీసుకుని, ఇత్తడి పళ్లెంలో కొంచెం కొంచెంగా మార్చి మార్చి కడిగాడు. మందు కలిసిన నీళ్లు పశువులు నాకకుండా దొడ్డి బయట గుంత తవ్వి పోశాడు. మద్రాసులో కొళాయి తిప్పి వదిలేసి ప్లేట్లు కడిగినవాణ్ని నేను. అంత తక్కువ నీళ్లతో పని అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మొదటి ప్లేటును వెలుతురుకు పెట్టి చూశాం. మధ్యలో అడ్డంగా ఒక చార. ఓబులమ్మ భుజం మీదుగా పోయి రామన్న ముఖాన్ని పూర్తిగా మింగేసింది. రెండోదీ అంతే, మూడోదీ, నాలుగోదీ అంతే. తిత్తి మడతలో తోలు చిట్లి, అందులోంచి ఎండ లోపలికి దూరింది.

"నువ్వు ఇందాక చెప్పబోయింది ఇదేనా?" అని అడిగాను.

"అదే."

"మరి గట్టిగా చెప్పొచ్చు కదా."

"మాట్లాడొద్దన్నావు కదప్పా" అన్నాడు. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే.

బయటికి వచ్చి చూస్తే అన్నదమ్ములిద్దరూ అప్పటికే మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డుకు నడిచిపోయారు. కదిరి బస్సు మూడింటికి. నా గడియారంలో రెండు దాటింది. అప్పుడు నా నోట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. "నువ్వు పెన్సిలుతో ముఖాలు భలే సరిచేస్తావు కదా. రామన్న ముఖం గీసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

మస్తాన్ మామ ప్లేటును గోడకు ఆనించి పెట్టాడు. "గీయగలను. కండ్లు, ముక్కు, మీసం అన్నీ గీస్తా. కానీ అది నేను గీసిన ముఖం అవుతాది, రామన్నది కాదు. ఆయమ్మ రోజూ దాన్నే చూసుకుంటా కూర్చుంటాది. నాకు చెయ్యి రాదప్పా" అన్నాడు.

ఇక చేసేదేమీ లేక ఓబులమ్మ దగ్గరికి వెళ్లాను. తప్పు నాదేనని, మస్తాన్ మామ ముందే చెప్పబోతే నేనే ఆపానని, ఫొటోలు పాడైపోయాయని చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంగా ప్లేట్లు ఉండాయా?"

"రెండున్నాయి."

"ఉంటే ఈడ నిలబడి ఏం చేస్తాండావు?" అని, చిన్నకొడుకు వైపు తిరిగింది. "ఒరే కదిరిగా, సైకిలెక్కి పోయి వాళ్లను బస్సెక్కనీకుండా ఆపు. బండి కట్టమను ఎవరినన్నా. మేమూ వస్తాండాం."

కదిరప్ప సైకిలు మీద దూసుకుపోయాడు. మేమంతా ఎద్దుల బండెక్కాం. కోడళ్లు, పిల్లలు, ఓబులమ్మ, నేను, కెమెరా. మస్తాన్ మామ బండిలో కూర్చుని తిత్తిని ఒళ్లో పెట్టుకున్నాడు. దారిలో ఒక తుమ్మచెట్టు దగ్గర బండి ఆపించి, కాండం మీద కారిన బంకను గీరి తెచ్చాడు. చెంబు అడుగున మిగిలిన నాలుగు చుక్కల నీళ్లలో దాన్ని నూరి, కెమెరా వెనక నేను తల మీద కప్పుకునే నల్లగుడ్డ అంచు చింపి రెండు పొరలుగా అతికించాడు. "చింపుతాండా" అని ఒక్కమాట మాత్రం చెప్పాడు. అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

మోరీ దగ్గర అన్నదమ్ములిద్దరూ మూటల మీద కూర్చుని ఉన్నారు. మేం కెమెరా నిలబెట్టేసరికి తనకల్లు వైపు నుంచి బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చేసింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కుతారా, ఫొటో దిగుతారా?" అన్నాడు. నేను దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. ఆయన ఓబులమ్మను చూశాడు, మూటలను చూశాడు. ఇంజను ఆపేశాడు. "కానీండన్నా. రైలుకు ఇంగా టైముండాది. తొందరపడి మళ్లీ చెడగొట్టుకోవద్దండి" అన్నాడు. బస్సులోని జనం కిటికీల్లోంచి వంగి చూడసాగారు.

అంతమంది ముందు నేను మస్తాన్ మామ వైపు తిరిగి, "మామా, నువ్వు చూసి చెప్పు" అన్నాను.

ఆయన ముందు నల్లగుడ్డలో తల దూర్చి, లోపల ఎక్కడైనా చుక్క వెలుతురు పడుతోందేమో చూశాడు. తర్వాత మనుషుల దగ్గరికి పోయాడు. "అమ్మా, నువ్వు నడిమధ్యకు రా. రామన్నా, ఆ కండువ తీసి చేతిలో పట్టుకో. పాపను నేల మీద కాదు, నీ సంకలో పెట్టుకో తల్లీ, అది కాళ్లు కదపకుండా ఉంటాది." ఆ మాటలకు అప్పటిదాకా బిగుసుకుని ఉన్నవాళ్లు మామూలు మనుషులయ్యారు. పొద్దున నేను వరుసగా నిలబెట్టినప్పుడు ఎవరికీ రాని కళ ఇప్పుడు ముఖాల్లోకి వచ్చింది. మామ గొడుగుతో ఎండ పక్కన నిలబడి, నీడ ఎవరిమీదా పడకుండా అడుగు వెనక్కి వేసి, "ఇప్పుడు తియ్యి శంకరా" అన్నాడు. మద్రాసు నుంచి వచ్చాక ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

రెండు ప్లేట్లూ తీశాను. అన్నదమ్ములు తల్లి కాళ్లకు మొక్కి బస్సెక్కారు. ఓబులమ్మ ఏడవలేదు. బస్సు కదిలాక నావైపు తిరిగి, "ఈసారన్నా వచ్చుంటాదా?" అని అడిగింది. నేను మామ వంక చూశాను. "వచ్చుంటాదమ్మా" అన్నాడాయన.

వచ్చింది. అనంతపురంలో కడిగితే రెండు ప్లేట్లూ శుభ్రంగా ఉన్నాయి. పల్లెకొకటి, బెంగళూరుకొకటి, బళ్లారికొకటి ప్రింట్లు వేశాం. అట్ట వెనక మామూలుగా స్టూడియో ముద్ర ఒక్కటే వేసేవాళ్లం. ఈసారి దాని కింద నా పేరు, పక్కనే మస్తాన్ మామ పేరు రాశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "అచ్చరాల్లో తప్పుల్లేవు" అని మాత్రం అన్నాడు. తర్వాతి ఏడాది వానలు పడ్డాయి. రామన్న తిరిగొచ్చి సేద్యంలో పడ్డాడు. వెంకటప్ప బెంగళూరులోనే మేస్త్రీగా కుదురుకుని భార్యాపిల్లల్ని తీసుకుపోయాడు. ఇవన్నీ ఓబులమ్మే స్టూడియోకు వచ్చి చెప్పింది, మనవరాలికి ఫొటో తీయించడానికి వచ్చినప్పుడు. ఆ ఫొటో మామే తీశాడు. నేను ప్లేట్లు అందించాను.

ఆ తర్వాత చాలామంది అసిస్టెంట్లతో పనిచేశాను. కొందరు నాకంటే బాగా తీసేవాళ్లు, వేరే స్టూడియోలు పెట్టుకున్నారు కూడా. పార్టీ ముందు వాళ్లు నన్ను సరిదిద్దిన ప్రతిసారీ నా విలువ పోతుందేమోనని మొదట్లో భయపడ్డాను. ఒక్కసారీ పోలేదు. జనం చూసేది ఎవరు మాట్లాడారని కాదు, తమ పని శ్రద్ధగా జరుగుతోందా అని. ఇద్దరు మనుషులు ఒక పని మీద మనసు పెట్టి వాదించుకుంటుంటే చూసేవాళ్లకు ధైర్యంగానే ఉంటుంది.

ఆ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పల్లెల్లో పెద్దవాళ్లకు ఫొటో కాగితం మీద చేతికి అందాలి, ఫోనులో చూపిస్తే చాలదు. ప్రింటు పోస్టులో పంపాలి కాబట్టి, పల్లె నుంచి బయలుదేరేముందు ఊరి పేరొక్కటే కాకుండా, ఆ ఊరికి ఉత్తరాలు ఏ పోస్టాఫీసు నుంచి వస్తాయో కూడా అడిగి రాసుకోండి. ఆ చుట్టుపక్కల ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లున్నాయి.